సంతకం అసలైనదే

మా అన్నయ్య కూతుర్ని ఇంట్లో అందరం తనిఖీ అంటాం. పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది బడి హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికి రాలేదు. ఇంకా పలక పట్టే వయసులోనే ఒకరోజు గుమ్మానికి అడ్డంగా నిలబడి నన్ను ఆపేసింది. "మీ నాన్న టార్చిలైటు తెమ్మన్నాడే, ఇలా ఇవ్వు" అన్నాను. "నాన్న చెప్పారా, నువ్వు చెప్తున్నావా?" అంది. "నాన్నే చెప్పాడు" అన్నాను. "నాన్న చెప్పారని నువ్వు చెప్తున్నావు. నాన్న నాకు చెప్పలేదుగా" అంది. నాకు ఒళ్ళు మండింది. సొంత బాబాయిని, దొంగను చూసినట్టు చూస్తోంది. చివరికి అన్నయ్య పని దగ్గర్నుంచి ఫోను చేసి చెప్తే గానీ టార్చి నా చేతికి రాలేదు. వంటింట్లోంచి అంతా వింటున్న వదిన పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ పూటే తనిఖీ అని పేరు పెట్టింది నేనే.

అన్నయ్యదీ నాదీ ఒకే చోట పని. మా వంతెన మామూలు వంతెన కాదు. నది మధ్యలో అది రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేస్తుంది. పెద్ద ఓడలు లోపలి రేవుకు పోవాలంటే అది లేవాల్సిందే. ఎప్పుడు లేపాలో చెప్పేది మా అన్నయ్య. అతను వంతెన మాస్టరు. పక్కన స్తంభం మీద ఎత్తుగా ఉన్న కేబిన్‌లో కూర్చుంటాడు. కింద రోడ్డు మీద గేటు దించి బళ్ళను ఆపేది నేను. ఓడ పోతున్నంతసేపూ బండి మీద ఉన్న ప్రతివాడూ నన్నే తిడతాడు. ఓడను తిట్టడు, నదిని తిట్టడు. ఇన్నేళ్ళలో నేను తిన్నన్ని తిట్లు ఈ ఊళ్ళో ఇంకెవరూ తిని ఉండరు. కొన్నింటికి తిరిగి గట్టిగానే ఇచ్చుకున్నాను కూడా.

తనిఖీ కంప్యూటర్లు చదువుకుని, ఎక్కడెక్కడో పని చేసి, చివరికి మా రేవు ఆఫీసులోనే చేరింది. అది చేరిన కొత్తలోనే పైవాళ్ళు వంతెనకు ఏఐ ఏజెంటును తెచ్చారు. ఓడల నుంచి వచ్చే కబుర్లు చదవడం, పోటూ ఆటూ చూసుకోవడం, రోడ్డు మీద బళ్ళెన్ని ఉన్నాయో లెక్కగట్టడం, అన్నీ కలిపి వంతెన లేపడానికి ఇదే మంచి సమయమని తేల్చడం దాని పని. తేల్చాక అది లేపే టూలును పిలుస్తుంది. టూలంటే మోటార్లను తిప్పే ప్రోగ్రాము. గేటు దగ్గరవాళ్ళం ఆ ఏజెంటుకు హడావుడి అని పేరు పెట్టుకున్నాం. ఎందుకంటే దానికి నిదానమన్నది తెలియదు. ఓడ కనుచూపు మేరలోకి రాకముందే "సిద్ధంగా ఉన్నారా" అని మా తెరల మీద చెవిలో జోరీగలా మొదలుపెట్టేది.

మొదట్లో మోటార్లకు కరెంటు తీసేసి ఉత్తుత్తి పరీక్షలు పెట్టారు. ఒకరోజు పొద్దున ఏదో వ్యానులోంచి గాజు సామాను పడి పగిలితే, వంతెన నడిమధ్యన చీపురు పట్టుకుని ఊడుస్తున్నాను. ఉన్నట్టుండి సైరను మోగింది. ఎర్ర దీపాలు వెలిగాయి. నా కాళ్ళ కింద రెండు రెక్కలనీ కలిపి పట్టే కొక్కేలు టకటకమంటూ ఊడిపోతున్నాయి. మోటార్లకు కరెంటు లేదని ఆ క్షణాన ఎవడికి గుర్తుంటుంది? నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళకు బుద్ధి చెప్పాను. చీపురు నదిలో పడిందో, గాలికి కొట్టుకుపోయిందో ఇప్పటికీ తెలియదు.

తర్వాత చూస్తే సంగతి ఇది. ఇసుక పడవ నడిపే సరంగు ఒకతను, "మాస్టరుగారు సరేనన్నారు, తొందరగా లేపండి" అని కబురు పెట్టాడు. అన్నయ్య సరే అననేలేదు. పాపం ఆ సరంగుకు అది దురుద్దేశం కాదు, అలవాటు. మా నది మీద పడవలవాళ్ళంతా అంతే. ఏళ్ళ తరబడి ఫోనులో అలాగే బుకాయించేవాళ్ళు. అన్నయ్య, "నేనెప్పుడన్నానయ్యా?" అని కసిరితే నవ్వేసి లంగరు వేసుకునేవాళ్ళు. మనుషుల మధ్య అది సరదా. హడావుడికి ఆ సరదా ఏం తెలుసు? మాస్టరు ఒప్పుకున్నాడట అనుకుని లేపే టూలును పిలిచింది. టూలు కూడా మారు మాట్లాడకుండా పని మొదలెట్టింది.

ఆ మధ్యాహ్నం తనిఖీ రెండేసి మెట్లు ఎక్కుతూ కేబిన్‌కు వచ్చింది. నాకు ఏమీ కాలేదని నా చేతులు పట్టుకుని చూసుకుంది. ఆ తర్వాత దాని మొహం వెలిగిపోయింది. పిల్లకు పని దొరికిందని అప్పుడే అనుకున్నాను.

"ఏజెంటును తీసేయమని అనట్లేదు నాన్నా" అంది అన్నయ్యతో. "దాని మాట మీద వంతెన లేవకూడదంటున్నాను. అది వచ్చి మాస్టరుగారు ఒప్పుకున్నారంటుంది. లేపే టూలు ఏమనాలి? ఏదీ, ఆయన సంతకం చేసిన అనుమతి చూపించు అనాలి. చూపిస్తే, అది నిజంగా నీ సంతకమేనా, అందులో ఒక్క అక్షరమైనా ఎవరైనా మార్చారా, ఈ ఓడకిచ్చిందేనా, నిన్న వాడేసింది మళ్ళీ తెచ్చిందా, ఇవన్నీ తనే సొంతంగా చూసుకోవాలి. చూశాకే మోటారు తిరగాలి."

"నేను కిందికి ఒక్క కేక వేసి చెప్పేదానికి ఇంత తతంగమా?" అన్నాడు అన్నయ్య.

"నువ్వు కేకేస్తే బాబాయ్ నీ గొంతు గుర్తుపడతాడు. మెషీన్ ఏం చూసి గుర్తుపట్టాలి?"

అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. తర్వాత తనే ఒక మాట కలిపాడు. "సంతకం నాదే అయితే సరిపోదు. నేను డ్యూటీలో ఉన్నానా లేదా కూడా చూడాలి. సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నవాడు అక్కణ్ణుంచి వంతెన లేపుతానంటే కుదరదు."

"అదీ మాట" అని తండ్రి భుజం మీద చరిచింది తనిఖీ.

అది రాసిన ప్రోగ్రాము వచ్చాక కేబిన్‌లో ఒక చిన్న పెట్టె బిగించారు. ఓడ పేరు, లేపే వేళ తెర మీద చూసుకుని, మాస్టరు తన కార్డు పెట్టెలో పెట్టి బొటనవేలు ఆనిస్తే అనుమతికి సంతకం పడుతుంది. కార్డులో ఉన్న రహస్య తాళంచెవి ఆ ఒక్క మనిషిదే. ఎవరికి ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అధికారం ఉందో చెప్పే జాబితా వేరే ఉంటుంది. దాన్ని మార్చాలంటే పెద్దింజనీరూ రేవు అధికారీ ఇద్దరూ తమ తమ కార్డులతో సంతకం చెయ్యాలి. రాసిన తనిఖీ కూడా ఒంటిచేత్తో మార్చలేదు. అలా ఉండాలని అదే పట్టుబట్టి పెట్టించింది.

కొత్తలో అన్నయ్య విసుక్కున్నాడు. కానీ ఒకరోజు హడావుడి, ముందురోజు అదే పడవకు ఇచ్చిన అనుమతిని పట్టుకొచ్చి టూలు ముందు పెట్టింది. పడవ అదే, పేరు అదే, సంతకం అదే. పని తొందరగా తెములుతుందని దాని ఆశ. 'ఇది వాడేసిన అనుమతి' అని టూలు మొహాన కొట్టినట్టు చెప్పింది. కేబిన్‌లో అందరం చప్పట్లు కొట్టాం. అన్నయ్య ఆ సాయంత్రం ఇంటికొచ్చి వదినకు మూడుసార్లు చెప్పాడు. తన కూతురు అబద్ధాన్ని గుమ్మంలోనే ఆపేస్తుందని ఎదురింటి దర్జీకి కూడా చెప్పొచ్చాడు.

ఇక అన్నయ్య ఉద్యోగం ముగిసే రోజు.

మా వంతెన మీద ఒక ఆనవాయితీ ఉంది. మాస్టరు పని మానే రోజున చివరి లేపుడు అతనిదే. ఆ పూట అతను లేపాక రేవులోని పడవలన్నీ కూత పెడతాయి. అన్నయ్య గురువుకు అలాగే జరిగింది. ఆయన గురువుకూ జరిగింది. అన్నయ్య ఆ కూత కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో నాకూ వదినకూ తెలుసు. దానికి తోడు, ఆరోజు రావాల్సింది అలాంటిలాంటి ఓడ కాదు. మూడు స్తంభాల తెరచాప ఓడ. మా నదిలోకి అంత ఎత్తు ఓడ నాకు తెలిసి ఎప్పుడూ రాలేదు. రెండు గట్ల మీదా ఇసుక వేస్తే రాలనంత జనం. పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్ళు, కెమెరాలు పట్టుకున్నవాళ్ళు, మేడల మీద గొడుగులు.

ఓడ పదకొండుకే రావాలి. ఎదురుగాలి వల్ల ఆలస్యమైంది. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కేబిన్‌లో కూర్చున్నాడు. వదిన మూలన కుర్చీలో కూర్చుని నిమిషానికోసారి పమిట సర్దుకుంటోంది. పెద్దింజనీరు పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. అన్నయ్య తర్వాత మాస్టరు కాబోయే అతను, మేము చిన్న మాస్టరు అంటాం, తలుపు దగ్గర చేతులు కట్టుకుని ఉన్నాడు. తనిఖీ తన కంప్యూటరు ముందు ఉంది. నా గేటును కాసేపు తోటివాడికి అప్పజెప్పి నేనూ మెట్లెక్కి వచ్చాను. అన్నయ్య ఆఖరిసారి లేపుతుంటే నేను కింద ఎలా ఉంటాను?

మలుపు తిరిగి ఓడ కనిపించగానే గట్ల మీద హోరెత్తింది. తెల్లటి తెరచాపలు ఎండకు మెరుస్తున్నాయి. నాకు ఒళ్ళు పులకరించింది. హడావుడి మా తెరల మీద గంతులేస్తోంది. ఓడ దగ్గరికొచ్చింది, పోటు నిండుగా ఉంది, ఇంకాస్త ఆగితే ఆటు మొదలై అడుగు నేలకు తగులుతుంది, అనుమతి కావాలి, అనుమతి కావాలి. అన్నయ్య గొంతు సవరించుకుని కార్డు పెట్టెలో పెట్టాడు. బొటనవేలు ఆనించాడు.

ఎర్ర దీపం వెలిగింది. 'అనుమతి చెల్లదు.'

అన్నయ్య కార్డు తీసి చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎరుపు. వేలు తుడిచాడు. మళ్ళీ అదే. అందరం తనిఖీ వైపు తిరిగాం. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పన్నెండు దాటింది" అంది మెల్లగా. "నాన్న సర్వీసు పన్నెండింటితో అయిపోయింది. జాబితాలో అలాగే ఉంది."

"ఎవడు పెట్టాడు అలా?" అన్నాను. నాకు కోపం తన్నుకొచ్చింది.

పెద్దింజనీరు నీళ్ళు నమిలాడు. జాబితా మీద పడిన సంతకాల్లో ఒకటి ఆయనదే మరి. ఆఫీసు నుంచి ఎలా వస్తే అలా సంతకం చేసేశాడు. "ఓడ పదకొండుకే కదా అనుకున్నాను" అన్నాడు. "సరే, పావుగంట పొడిగిద్దాం. రేవు అధికారి గారేరీ?"

రేవు అధికారి ఎక్కడున్నాడో కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. స్వాగతం చెప్పడానికని ముందే లాంచీలో ఎదురెళ్ళి, ఓడ ఎక్కి, ముందు భాగాన నిలబడి జనానికి చెయ్యి ఊపుతున్నాడు. ఆయన కార్డు ఆఫీసు సొరుగులో ఉందట.

ఇక పెద్దింజనీరు తనిఖీ పక్కకు వెళ్ళాడు. "అమ్మా, పరీక్షలప్పుడు వాడిన టెస్టు మోడ్ ఉంది కదా. ఒక్క ఐదు నిమిషాలు అందులో పెట్టు. లేపేశాక తీసెయ్యి. నేనున్నాను, ఎవరూ అడగరు."

తనిఖీ చెయ్యి మౌస్ మీదే ఉంది. ఒక్క నొక్కు చాలు. నాకు ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనిపించట్లేదు.

"నొక్కవే" అన్నాను. "మీ నాన్న ముప్పై ఏళ్ళు ఈ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన సంతకం చెల్లదని నీ మెషీన్ చెప్తుంటే వింటూ కూర్చుంటావా? కన్నతండ్రికి ఈపాటి కూడా చెయ్యలేకపోతే నీ చదువెందుకు?"

అది తలెత్తి నన్ను చూసింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. "టెస్టు మోడ్‌లో పెడితే అది సంతకాలు చూడ్డమే మానేస్తుంది బాబాయ్. అప్పుడు నాన్న అడిగినా లేపుతుంది, ఎవరడిగినా లేపుతుంది. కింద జనం చూడు. పొద్దుట్నుంచి ప్రతి పడవవాడూ మాస్టరుగారు ఒప్పుకున్నారని కబుర్లు పెడుతూనే ఉన్నాడు. అవన్నీ ఏజెంటు దగ్గర వరసలో ఉన్నాయి. నీ గేటింకా పడలేదు. వంతెన మీద బళ్ళు నడుస్తున్నాయి."

చీపురు పారేసి పరుగెత్తినవాణ్ణి నేనే కదా. అయినా కోపం మాత్రం చల్లారలేదు. నా అన్న అక్కడ, చేతిలో పనికిరాని కార్డు పట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడి ఉంటే నాకు న్యాయం ఎలా తలకెక్కుతుంది?

పెద్దింజనీరు చిన్న మాస్టరు వైపు తిరిగాడు. "పన్నెండు నుంచి అధికారం నీది. నువ్వు చెయ్యి సంతకం."

"నేను చెయ్యనండి" అన్నాడతను. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. "ఇది గురువుగారి లేపుడు. ఆయన ఎదురుగా నేను వేలు పెట్టను." ససేమిరా అన్నాడు. కిటికీలో ఓడ ఇంకా పెద్దదైంది. తెరచాపలు దించుతున్నారు. ఆటు మొదలవబోతోందని హడావుడి గంట మోగిస్తోంది.

అన్నయ్య నెమ్మదిగా తనిఖీ కుర్చీ వెనక్కి వెళ్ళాడు. అరుస్తాడేమోనని వదిన లేచి నిలబడింది. అతను కళ్ళజోడు పెట్టుకుని తెర మీదకు వంగాడు.

"అది నా గురించి ఏమని రాసిందో చదువు."

"వద్దు నాన్నా."

"చదవమంటున్నానుగా."

తనిఖీ చదివింది. "సంతకం అసలైనదే. అనుమతిలో మార్పులేమీ లేవు. ఓడ పేరు సరిపోయింది. సంతకం చేసిన వ్యక్తి అధికారం పన్నెండు గంటలకు ముగిసింది."

"మొదటి ముక్క మళ్ళీ చదువు."

"సంతకం అసలైనదే."

అన్నయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కూతురి చేతిని మౌస్ మీద నుంచి తీసి దాని ఒళ్ళో పెట్టాడు. "నొక్కకు" అన్నాడు. "డ్యూటీలో లేనివాడు లేపకూడదని చెప్పింది నేనే కదా. నా మాట విన్న మెషీన్ మీద నాకు కోపమెందుకు?" నవ్వబోయాడు గానీ సరిగ్గా రాలేదు. చిన్న మాస్టరు దగ్గరకు పోయి, "లేపరా. ఆర్డరు వెయ్యడానికి నాకిప్పుడు అధికారం లేదట. అడుగుతున్నాను" అన్నాడు.

చిన్న మాస్టరు వంగి అతని పాదాలు తాకి, కళ్ళు తుడుచుకుంటూ పెట్టె ముందు కూర్చున్నాడు. అన్నయ్య తన కార్డు బల్ల మీద పెట్టి, "పదరా, నీ గేటు దగ్గరకు పోదాం" అని నా భుజం పట్టుకున్నాడు.

గేటు దించాను. తోటివాడు అటువైపు దించాడు. రెండు వైపులా చూసుకుని, వంతెన మీద పురుగు కూడా లేదని పచ్చజెండా ఊపాను. అన్నయ్య స్కూటర్ల మధ్య, ఆగిపోయిన బళ్ళ మధ్య, గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అతనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. వెనకాల హెల్మెట్టువాడు ఒకడు హారను కొట్టి, "ఈ టైములోనే లేపాలా వీళ్ళకి?" అన్నాడు. ఇంకో రోజైతే వాడికి నా సంగతేంటో చూపించేవాణ్ణి.

సైరను మోగింది. ఈసారి కేబిన్‌లో వెలిగింది పచ్చదీపం. కొక్కేలు ఊడాయి. రోడ్డు మధ్యన సన్నటి గీత విచ్చుకుంది. అది వెడల్పయింది. మా ముందున్న రోడ్డు, రోజూ నేను ఊడ్చే రోడ్డు, తెల్ల చారలతో సహా మెల్లగా నిలువునా లేవడం మొదలుపెట్టింది. దాని నీడ మా మీదుగా జరిగి బళ్ళను కప్పేసింది. హారన్లన్నీ ఆగిపోయాయి. రెక్క ఆకాశంలోకి పోతూనే ఉంది. దాని పక్కగా ఓడ స్తంభాలు ఒకటొకటిగా దాటిపోయాయి. పైన తెరచాపల అడ్డకర్రల మీద నిలబడ్డ కుర్ర నావికులు టోపీలు తీసి ఊపారు. గట్ల మీద జనం కేకలకు చెవులు చిల్లులు పడుతున్నాయి.

రేవులో మొదట ఒక పడవ కూత పెట్టింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ. ఎవరు లేపారో వాళ్ళకేం తెలుసు? లేదా తెలిసే పెట్టారేమో. ఇసుక పడవ సరంగు అందరికంటే పొడుగ్గా పెట్టాడు.

నేను అన్నయ్య వైపు చూశాను. నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వంచి పైకి చూస్తున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల దాకా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా లేదు. మాస్టరు కుర్చీ ముందు కిటికీ నది వైపే ఉంటుంది. రోడ్డు వైపు చూడ్డానికి అరచేతంత కెమెరా తెరలే. లేపేటప్పుడు మాస్టరు కుర్చీ వదలకూడదు. సెలవు రోజున అన్నయ్య ఈ చాయలకే వచ్చేవాడు కాదు.

"ఒరేయ్" అన్నాడు. "ఇంత ఎత్తు లేస్తుందట్రా ఇది?"

నా నడుముకున్న వాకీటాకీ గరగరమంది. తనిఖీ. ఏడుపు ఆపుకుంటున్న గొంతు. "బాబాయ్, కెమెరాలో నాన్న కనిపిస్తున్నారు. ఏమంటున్నారు? నన్ను తిడుతున్నారా?"

నేను మీట నొక్కి అన్నయ్య నోటి ముందు పెట్టాను. ఇలాంటి మాట నేను చెప్తే అది నమ్మే పిల్ల కాదు.